లాలో పీహెచ్‌డీకి అప్లై చేయాలనుకునే సీమ వాళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, కడపల్లో ఎల్‌ఎల్‌ఎం అయిపోయి ఏం చేయాలో తెలీక ఉన్నవాళ్ళు, సీనియర్ ఆఫీసులో ఫైళ్ళు మోస్తానే పైచదువు మీద ఆశ చంపుకోనివాళ్ళు, లా కాలేజీల్లో గెస్ట్ ఫ్యాకల్టీగా నెట్టుకొస్తున్నవాళ్ళు, అందరూ అటూ ఇటూ తిప్పి అడిగేది ఇవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ముందే ఒక మాట, అందరూ ఫారం ఎప్పుడొస్తుంది అని అడుగుతారు గానీ అసలు పని ఫారం రాకముందే ఉంది, గైడ్, టాపిక్ ఈ రెండూ సెట్ అయితే ఫారం నింపడం అరగంట పని.

ఎల్‌ఎల్‌బీ అయింది అన్నా, డైరెక్ట్‌గా పీహెచ్‌డీకి పోవచ్చా?

కుదరదనే అనుకోండి. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం ఉంటే డైరెక్ట్‌గా పోవచ్చని యూజీసీ (యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ) 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్స్‌లో ఉంది, అది చూసి నాది ఐదేళ్ళ బీఏ ఎల్‌ఎల్‌బీ కదా అని చాలామంది అడుగుతారు. లా డిపార్ట్‌మెంట్లు మాత్రం మామూలుగా ఎల్‌ఎల్‌ఎం అనే నోటిఫికేషన్‌లో రాస్తాయి, అట్ల రాసినాక అప్లికేషన్ సెక్షన్‌లో క్లర్కుతో వాదించి లాభం లేదు, లాయర్లం కాబట్టి వాదించాలనిపిస్తుంది, అది వేరే సంగతి. ఎల్‌ఎల్‌ఎంలో 55 శాతం ఉండాల. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీ లేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకి 5 శాతం సడలింపు, అంటే 50 చాలు. ఎల్‌ఎల్‌ఎం ఇంకా చేయకపోతే ఏపీ పీజీఎల్‌సెట్ రాసి ముందు అది పూర్తి చేయండి.

నాది ఒక ఏడాది ఎల్‌ఎల్‌ఎం, చెల్లదంట కదా?

ఈ పుకారు ఎక్కడి నుంచి వచ్చిందంటే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2021లో ఒక ఏడాది ఎల్‌ఎల్‌ఎం తీసేస్తామని రూల్స్ నోటిఫై చేసింది, దాని మీద సుప్రీం కోర్టులో కేసులు పడ్డాయి, ఆ ఏడాదికి అమలు చేయబోమని కౌన్సిలే చెప్పింది. యూజీసీ 2013లో గైడ్‌లైన్స్ ఇచ్చి తెచ్చిన కోర్సు అది. టెన్షన్ వద్దు, కాకపోతే మీరు అప్లై చేసే యూనివర్సిటీ బ్రోచర్‌లో ఎలిజిబిలిటీ పేరా ఒకసారి చదువుకోండి.

మన దగ్గరే చేయొచ్చా, బయటికి పోవాల్నా?

అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఉంది, 1981 నుంచి, మన సీమలో లా రీసెర్చ్ అంటే ముందు గుర్తొచ్చేది ఎస్కేయూనే. తిరుపతిలో ఎస్వీయూ, ఆడవాళ్ళకైతే పద్మావతి మహిళా యూనివర్సిటీ కూడా. కర్నూల్లో రాయలసీమ యూనివర్సిటీ, కడపలో యోగి వేమన, అనంతపురంలోనే సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి కదా అంటారు, ఉన్నాయి గానీ పీహెచ్‌డీ నోటిఫికేషన్ సబ్జెక్టుల లిస్టులో లా ఉందా, ఉంటే ఎన్ని సీట్లు అనేది చూసినాకనే ఆశ పెట్టుకోండి. గుంటూరు దగ్గర నాగార్జున, వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ, అక్కడే సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ. ఆ సంజీవయ్య గారు మన కర్నూలు జిల్లా ఆయనే, పేరు మనది, యూనివర్సిటీ వాళ్ళది, ఏం చేద్దాం.

రాష్ట్రం దాటితే హైదరాబాద్‌లో నల్సార్, ఉస్మానియా, బెంగళూరులో నేషనల్ లా స్కూల్. మ్యాప్ చూస్కోండి, అనంతపురం వాళ్ళకి వైజాగ్ కంటే బెంగళూరు దగ్గర, కర్నూలు వాళ్ళకి హైదరాబాద్ దగ్గర, రెండూ రెండొందల కిలోమీటర్ల పైచిలుకే, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి డిపార్ట్‌మెంట్‌లో ఉంటారు. పార్ట్ టైం చేసేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

ఎంట్రన్స్ ఏది రాయాల? ఏపీఆర్‌సెట్టా, నెట్టా?

వీలైతే నెట్ (యూజీసీ తరఫున జరిగే జాతీయ స్థాయి పరీక్ష), నా ఓటు దానికే. రాష్ట్ర యూనివర్సిటీల పీహెచ్‌డీ సీట్లకి ఉన్నత విద్యా మండలి తరఫున ఏపీఆర్‌సెట్ పెడుతూ వచ్చారు, కానీ అది ప్రతి ఏడాదీ టైంకి జరిగే పరీక్ష కాదు, దాని కోసమే కూర్చుంటే ఏళ్ళు పోతాయి. నెట్ ఏడాదికి రెండు సైకిళ్ళు, జూన్, డిసెంబర్. 2024లో యూజీసీ నెట్‌ని పీహెచ్‌డీ అడ్మిషన్‌తో కలిపేసింది, ఇప్పుడు రిజల్ట్ మూడు కేటగిరీల్లో వస్తుంది: జేఆర్ఎఫ్ (నెలనెలా ఫెలోషిప్ వచ్చేది), అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్లస్ పీహెచ్‌డీ, ఉత్త పీహెచ్‌డీ. కింది రెండు కేటగిరీల వాళ్ళకి నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ, ఆ స్కోరు అడ్మిషన్‌కి ఒక ఏడాదే పనికొస్తుంది, ఇది చాలామంది మర్చిపోతారు.

నల్సార్, నేషనల్ లా స్కూల్ లాంటివి సొంత పరీక్ష పెట్టుకుంటాయి. యూనివర్సిటీ సొంతంగా ఎంట్రన్స్ పెడితే అందులో సగం రీసెర్చ్ మెథడాలజీ, సగం సబ్జెక్టు. మనవాళ్ళు దెబ్బతినేది మొదటి సగంలోనే. కాన్‌స్టిట్యూషన్ ఆర్టికల్స్ నిద్రలో లేపి అడిగినా చెప్తారు గానీ హైపోథిసిస్ అంటే ఏంది, శాంప్లింగ్ ఎన్ని రకాలు, డాక్ట్రినల్ రీసెర్చ్‌కి (చట్టాలు, తీర్పులు చదివి చేసేది) ఎంపిరికల్‌కి (జనంలోకి పోయి డేటా తెచ్చి చేసేది) తేడా ఏంది అంటే తడబడతారు.

నెట్‌లో లా పేపర్ కష్టమా?

సిలబస్ పెద్దది, 10 యూనిట్లు. జూరిస్‌ప్రుడెన్స్, రాజ్యాంగం, ఇంటర్నేషనల్ లా, క్రైమ్స్, టార్ట్స్, కమర్షియల్, ఫ్యామిలీ, పర్యావరణం, ఐపీఆర్, చివర్లో కంపారిటివ్ పబ్లిక్ లా. రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలొద్దు. తెలుగులో ప్రశ్నపత్రం ఉండదు. జేఆర్ఎఫ్‌కి 30 ఏళ్ళ వయసు పరిమితి ఉంది గానీ ఎల్‌ఎల్‌ఎం ఉన్నవాళ్ళకి 3 ఏళ్ళ సడలింపు ఇస్తారు, ఆడవాళ్ళకి, రిజర్వుడు కేటగిరీలకి 5 ఏళ్ళ దాకా. లెక్చరర్‌షిప్‌కి, పీహెచ్‌డీకి వయసు పట్టింపు లేదు, నలభై దాటిన అడ్వకేట్లు కూడా రాస్తున్నారు.

గైడ్‌ని ఎట్ల పట్టుకోవాల?

ఇది అసలు ప్రశ్న. లాలో సీట్లు తక్కువ ఉండడానికి కారణం డబ్బులు కాదు, గైడ్లు తక్కువ. రూల్ ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మంది స్కాలర్లే ఉండాల. గైడ్‌కి పీహెచ్‌డీ ఉండాల, ప్రొఫెసర్, అసోసియేట్ అయితే కనీసం 5 పబ్లికేషన్లు, అసిస్టెంట్ అయితే 3. రిటైర్మెంట్‌కి మూడేళ్ళ లోపు ఉన్నవాళ్ళు కొత్త స్కాలర్‌ని తీసుకోకూడదు. ఇప్పుడు మీ యూనివర్సిటీ లా డిపార్ట్‌మెంట్‌లో పర్మనెంట్ ఫ్యాకల్టీ ఎంతమంది ఉన్నారో వేళ్ళ మీద లెక్కేయండి, అందులో రిటైర్మెంట్‌కి దగ్గరున్నవాళ్ళని తీసేయండి, ఫుల్ అయినవాళ్ళని తీసేయండి, మిగిలింది మీ సీట్లు. రాష్ట్ర యూనివర్సిటీల్లో పోస్టులు నింపక ఏళ్ళయితే సీట్లు ఎక్కడి నుంచి వస్తాయి చెప్పండి.

ఏ గైడ్ దగ్గర ఎవరెవరు ఏ టాపిక్ మీద ఎప్పుడు చేరారో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెట్టాలని, ఏటా అప్‌డేట్ చేయాలని రెగ్యులేషన్స్‌లోనే ఉంది. పెట్టని చోట డిపార్ట్‌మెంట్‌కి పోయి అడగండి, అప్పటికీ చెప్పకపోతే ఆర్టీఐ ఉంది, అది మనకి కొత్త కాదు కదా.

కలవడానికి పోయేటప్పుడు ఆ సార్ లేదా మేడమ్ రాసిన పేపర్లు రెండైనా చదివి పొండి. శోధ్‌గంగలో (దేశంలో పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్) ఆయన గైడ్ చేసిన థీసిస్‌లు దొరుకుతాయి, ఫ్రీనే, ఒకటి దించుకుని చాప్టర్లు ఎట్ల ఉన్నాయో చూడండి. "సార్ మీరు ఏ టాపిక్ ఇస్తే అది చేస్తా" అని మాత్రం అనొద్దు, వినయం అనుకుంటారు మనవాళ్ళు, ఆయనకి మాత్రం వీడికి ఆలోచన లేదు అని అర్థమవుతుంది. ఒకటిన్నర పేజీ నోట్ చేతిలో పెట్టుకుని పోతే మాట వేరేగా నడుస్తుంది. ఇంకోటి, ఫలానా ఆయనకి మా మామ తెలుసు, ఫోన్ చేయిస్తా అనేది మన సైడు బాగా నడుస్తుంది కదా, పరిచయానికి పనికొస్తుంది, అయిదేళ్ళు కలిసి పని చేయడానికి కాదు. ఆయన స్కాలర్లని విడిగా కలిసి చాప్టర్ ఇస్తే ఎన్నాళ్ళకి చదివి ఇస్తారు అని అడగండి, అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అదే.

టాపిక్ ఏం పెట్టుకోవాల?

"భారతదేశంలో మహిళల హక్కులు, ఒక అధ్యయనం", ఇట్లాంటివి వద్దు. ఐపీసీకి, 2024 జూలై 1 నుంచి వచ్చిన న్యాయ సంహితకి పోలిక అనేది కూడా ఊరూరా రాస్తున్నారు, సెక్షన్ నంబర్ల పట్టిక పీహెచ్‌డీ కాదు. మన కళ్ళ ముందున్న గొడవల్లో ఎంత లా ఉందో చూడండి.

నీళ్ళనే తీసుకోండి. అనంతపురం పెన్నా బేసిన్, హంద్రీ-నీవాలో వచ్చేది కృష్ణా నీళ్ళు. ఒక బేసిన్ నీళ్ళు ఇంకో బేసిన్‌కి మళ్ళించడం మీద కృష్ణా నీళ్ళు రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఏమంది, రాష్ట్ర విభజన చట్టం 89వ సెక్షన్ కింద ఇప్పుడేం జరుగుతోంది, 1956 నదీజల వివాదాల చట్టంలో కరువు ప్రాంతం అనే మాటకి బరువెంత. "రాయలసీమ నీటి సమస్య" అంటే పొలిటికల్ స్పీచ్ అయితుంది, "బేసిన్ బయటి కరువు ప్రాంతాలకి నీటి కేటాయింపులో ట్రిబ్యునళ్ళు వాడిన ప్రమాణాలు" అంటే రీసెర్చ్ ప్రశ్న అయితుంది.

భూములు చూడండి. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సోలార్ పార్కులకి పోయిన భూముల్లో అసైన్డ్ భూములు (పేదలకి సర్కారు పట్టా ఇచ్చినవి) ఉన్నాయి. 1977 అసైన్డ్ భూముల చట్టం మామూలుగా అమ్మకూడదంటుంది, సర్కారు తీసుకుంటే మాత్రం పట్టా ఉన్న రైతుకి పరిహారం ఎంత అనే దాని మీద మేకల పాండు కేసులో 2004లో హైకోర్టు పెద్ద బెంచ్ తీర్పు ఉంది, 2013 భూసేకరణ చట్టం ఉంది. తీర్పు ఒకటి, ఊర్లో జరిగింది ఇంకోటి అయితే ఆ సందులోనే మీ థీసిస్ ఉంది, నాలుగు ఊర్లు తిరిగి రైతుల కాగితాలు చూస్తే చాలు ఎంపిరికల్ భాగం తయారు.

కడప వాళ్ళకైతే ఎర్రచందనం. స్మగ్లింగ్ కేసుల్లో మామూలు అటవీ చట్టంతో ఆగకుండా 1986 పీడీ యాక్ట్ కింద ముందస్తు నిర్బంధం పెడతారు, ఆ ఆర్డర్లు హైకోర్టులో ఎన్ని నిలబడ్డాయి, ఏ కారణాలకి కొట్టేశారు అని చూస్తే మంచి పని. ధర్మవరం పట్టుకి జీఐ (ఆ ఊరి పేరు వేరేవాళ్ళు వాడకుండా ఇచ్చే గుర్తింపు) ఉంది, చేనేత రిజర్వేషన్ చట్టం 1985 నుంచి ఉంది, అయినా పవర్‌లూమ్ చీర అదే పేరుతో అమ్ముడుపోతుంది, ఎవరు కేసు వేయాల, ఎవరు వేస్తున్నారు? వేరుశనగ రైతుకి పంటల బీమా డబ్బులు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి పోవచ్చా లేదా అనేది ఇంకోటి.

కర్నూలు అంటే అందరూ హైకోర్టు టాపిక్ ఎత్తుకుంటారు. సీమ, కోస్తా నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందం, 2024 నవంబర్‌లో కర్నూలు బెంచ్ కోసం అసెంబ్లీ తీర్మానం, చరిత్ర అంతా ఉంది, భావోద్వేగం కూడా ఉంది. చేయొచ్చు, కాకపోతే ఇంకా కదులుతున్న విషయం మీద థీసిస్ రాస్తే మధ్యలో చట్టం మారిపోతుంది. ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ గుర్తుంది కదా, 2023 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చి 2024లో రద్దయిపోయింది, దాని మీద సినాప్సిస్ (రీసెర్చ్ ప్లాన్) రెడీ చేసుకున్నవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి.

ప్రపోజల్‌లో ఏముండాల?

సమస్య ఏంది, దాని మీద ఇప్పటికే ఎవరు ఏం రాశారు, వాళ్ళు వదిలేసింది ఏంది, మీ రెండు మూడు ప్రశ్నలు, వాటికి జవాబు ఎట్ల వెతుకుతారు, చాప్టర్ ప్లాన్. అంతే. ఎన్ని పదాలు అనేది నోటిఫికేషన్‌లో ఉంటే దాన్ని దాటొద్దు. ఎక్కువమంది మొదటి మూడు పేజీలు ఉపోద్ఘాతంతో నింపుతారు, వేదకాలంలో స్త్రీ, మనువు, బ్రిటిష్ కాలం అనుకుంటా వచ్చేసరికి ప్రశ్నకి చోటుండదు. ప్రశ్న మొదటి పేజీలోనే కనిపించాల.

ముందు శోధ్‌గంగలో మీ టాపిక్ పేరు కొట్టి చూడండి, అదే పని ఎవరైనా చేసేసి ఉంటే ఇంటర్వ్యూలో పట్టుకుంటారు. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర లాంటి తీర్పుల సైట్ల సబ్‌స్క్రిప్షన్ లేకపోతే ఇండియన్ కానూన్, సుప్రీం కోర్టు ఈ-ఎస్‌సీఆర్, ఇండియా కోడ్ ఉన్నాయి, అన్నీ ఫ్రీ. ఏఐతో రాయించి పెడితే ఏమైతుంది అని కూడా అడుగుతున్నారు, లేని కేసులు ఉన్నట్టు సైటేషన్‌తో సహా పుట్టించి ఇస్తుంది, ప్యానెల్‌లో ఒక్కరు ఆ కేసు గురించి అడిగితే ఖేల్ ఖతం.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

మీ ప్రపోజల్ గురించే, ఇంకేం కాదు. ఈ టాపిక్కే ఎందుకు, డేటా ఎక్కడ తెస్తావు, కలెక్టరేట్‌లో ఫైలు ఇవ్వకపోతే ఏం చేస్తావు. ఇంగ్లీషులో సినిమా లాయర్ లెక్క మాట్లాడక్కర్లేదు, మెల్లగా స్పష్టంగా చెప్తే చాలు. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు దీనికే భయపడి వెనక్కి తగ్గుతారు, తగ్గొద్దు. థీసిస్ మామూలుగా ఇంగ్లీషులోనే రాయాల్సి వస్తుంది కాబట్టి ఇప్పటినుంచే రోజూ ఒక తీర్పు చదివి పది లైన్లలో సొంతంగా రాసుకోండి, ఆరు నెలల్లో తేడా మీకే తెలుస్తుంది. ఊర్లో రైతుతో, నేతన్నతో మాట్లాడి డేటా తెచ్చేదానికి మన తెలుగే కావాల్సింది, అది బెంగళూరు వాళ్ళకి లేదు.

ప్రాక్టీస్ మానేయాల్నా?

పార్ట్ టైం పీహెచ్‌డీకి యూజీసీ రూల్స్ ఒప్పుకుంటాయి, అర్హతలు మాత్రం ఫుల్ టైం వాళ్ళవే. ఉద్యోగం చేసేవాళ్ళు ఆఫీసు నుంచి ఎన్ఓసీ తేవాల, డ్యూటీలో రీసెర్చ్‌కి టైం ఇస్తామని, కోర్స్ వర్క్‌కి (మొదట్లో తప్పక చేయాల్సిన క్లాసులకి) రిలీవ్ చేస్తామని అందులో ఉండాల. కోర్స్ వర్క్‌కి తప్పకుండా పోవాలి కాబట్టి, ఆ నెలల్లో కేసులు ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోండి. ఫెలోషిప్ తీసుకుని ఫుల్ టైం చేస్తా పక్కన వకాల్తాలు వేస్తా అంటే కుదరదు. మామూలుగా అడ్వకేట్ జీతానికి ఫుల్ టైం ఉద్యోగం చేయకూడదు గానీ, 1979 రూల్స్ ప్రకారం రోజుకి 3 గంటలు మించకుండా లా పాఠాలు చెప్పుకోవచ్చు, గెస్ట్ ఫ్యాకల్టీ చేసే జూనియర్లకి ఇది తెలిసి ఉండాల.

ఎన్నేళ్ళు పడుతుంది?

కనీసం 3, గరిష్ఠంగా 6. రీ రిజిస్ట్రేషన్‌తో ఇంకో 2, మొత్తం 8. ఆడవాళ్ళకి, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళకి ఇంకో 2, అంటే 10 దాకా. ఆడవాళ్ళకి మెటర్నిటీ, చైల్డ్ కేర్ కింద 240 రోజుల లీవు ఉంది. పెళ్ళయి వేరే ఊరికి పోవాల్సొస్తే రీసెర్చ్‌ని అక్కడి యూనివర్సిటీకి మార్చుకోనివ్వాలని కూడా రెగ్యులేషన్స్‌లో ఉంది. "పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, ఇప్పుడు చేరితే మధ్యలో పోతుందేమో" అనే అక్కచెల్లెళ్ళు ఈ మాట ఇంట్లో చదివి వినిపించండి.

ఫెలోషిప్ ఎంత వస్తుంది?

జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, 2023 జనవరి నుంచి ఇవే రేట్లు, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వాళ్ళకి నేషనల్ ఫెలోషిప్‌లు వేరే ఉన్నాయి, అమ్మానాన్నలకి ఒక్కగానొక్క సంతానం, అదీ ఆడపిల్ల అయితే సావిత్రీబాయి ఫూలే ఫెలోషిప్, సోషల్ సైన్స్ కోణం ఉన్న టాపిక్ అయితే ఐసీఎస్ఎస్ఆర్ (సోషల్ సైన్స్ రీసెర్చ్‌కి కేంద్ర మండలి) ఇచ్చేది. డబ్బులు నెలనెలా టంచనుగా పడతాయని మాత్రం లెక్కేసుకోవద్దు, కొన్ని నెలలకి చేతిలో ఉంచుకోండి.

పబ్లికేషన్లు ముందే ఉండాల్నా? ప్లేజియరిజం లిమిట్ ఎంత?

అప్లై చేయడానికి అక్కర్లేదు, ఉంటే ఇంటర్వ్యూలో మంచిది. థీసిస్ ఇచ్చేముందు జర్నల్ పేపర్ తప్పనిసరి అనే పాత నిబంధన 2022లో తీసేశారు, యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుని ఉండొచ్చు, చూస్కోండి. డబ్బు కడితే మూడ్రోజుల్లో వేసే జర్నల్స్ జోలికి పోవద్దు. సిమిలారిటీ (వేరేవాళ్ళ రాతతో కలిసే భాగం) 10 శాతం లోపు ఉండాల, 2018 రెగ్యులేషన్.

థీసిస్ రాసిస్తాం, ఇంట్లో కూర్చునే పీహెచ్‌డీ ఇప్పిస్తాం అంటున్నారు, నిజమేనా?

డిగ్రీ కాగితం నిజంగానే ఇస్తారేమో, పనికి రాదు. డిస్టెన్స్‌లో పీహెచ్‌డీకి యూజీసీ ఒప్పుకోదు, విదేశీ యూనివర్సిటీతో టై అప్ అని ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలు చెల్లవని 2022లోనే హెచ్చరించింది. 2025 జనవరిలో రాజస్థాన్‌లో మూడు ప్రైవేట్ యూనివర్సిటీలని పీహెచ్‌డీ రూల్స్ పాటించలేదని అయిదేళ్ళ పాటు కొత్త స్కాలర్లని తీసుకోకుండా ఆపేసింది. ఎంట్రన్స్ లేదు, కోర్స్ వర్క్ లేదు, రెండేళ్ళలో చేతికి అంటే ఫోన్ పెట్టేయండి. పేరు ముందు డాక్టర్ పెట్టుకోవడానికే అయితే ఇంత ఖర్చెందుకో నాకైతే అర్థం కాదు.

పీహెచ్‌డీ అయితే ఉద్యోగం గ్యారంటీనా?

కాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 2023 జూలై నుంచి నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి పరీక్ష) ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. అసోసియేట్, ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ లేకుండా కుదరదు, సెలెక్షన్‌లో పాయింట్లు కూడా కలుస్తాయి. ఉద్యోగం ఒక్కటే కావాలంటే ముందు నెట్ మీద కూర్చోండి.

సర్టిఫికెట్లు ఏం రెడీ పెట్టుకోవాల?

టెన్త్ నుంచి ఎల్‌ఎల్‌ఎం దాకా మార్కుల మెమోలు, ఎల్‌ఎల్‌ఎం ప్రొవిజనల్ లేదా ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), టీసీ, వేరే యూనివర్సిటీకి పోతుంటే మైగ్రేషన్, నెట్ స్కోర్ కార్డు, కుల ధ్రువీకరణ, ఓబీసీ అయితే సెంట్రల్ ఫార్మాట్‌లో నాన్ క్రీమీ లేయర్, ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానిది. ఈ చివరి రెండింటికీ నోటిఫికేషన్ వచ్చాక సచివాలయానికి పరిగెత్తితే వీఆర్వో, ఎమ్మార్వో సంతకాలు అయ్యేలోపు లాస్ట్ డేట్ అయిపోతుంది, ఏప్రిల్‌లోనే అప్లై చేసి పెట్టుకోండి. పేరు స్పెల్లింగ్ టెన్త్ మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే అది కూడా ఈలోపే సరిచేయించుకోండి.